ఈసీజీలో తేడాలు: ఏది గుండెది, ఏది ఊపిరిది?

ఈసీజీ కాగితం మీద పడేదంతా గుండె గొడవే అనుకోనక్కర్లేదు. గుండెలో పుట్టిన విద్యుత్తు చర్మం మీది ఎలక్ట్రోడ్లను చేరాలంటే, గాలి నిండుతూ ఖాళీ అవుతూ ఉండే ఊపిరితిత్తులను దాటుకుని రావాలి. గుండె వేగాన్ని అదుపు చేసే నాడుల మీదా శ్వాస లయ ప్రభావం ఉంటుంది. అందువల్ల ఏ తేడా కనిపించినా ముందుగా చూడాల్సింది ఒకటే: ఇది ఊపిరితో పాటు వచ్చి పోతోందా?

విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. అంటే ఒక్కో శ్వాసకు 3 నుంచి 5 సెకన్లు. మామూలు ఈసీజీ 10 సెకన్లదే కాబట్టి అందులో రెండు మూడు శ్వాసలకు మించి పట్టవు. రెండో లీడ్‌ను (గుండె విద్యుత్తును ఒక్కో కోణం నుంచి చూపే గీతను లీడ్ అంటారు) కనీసం 30 సెకన్ల పాటు నడిపించి, రోగి ఛాతీ పైకి లేచిన ప్రతిసారీ కాగితం మీద పెన్నుతో చిన్న గీత పెట్టండి. కింద చెప్పిన చిక్కుల్లో చాలావరకు ఆ గీతలతోనే విడిపోతాయి.

ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, కదలకుండా కూర్చున్నా ఆయాసం ఉంటే మాత్రం ఇవేవీ చూస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య 1: నాడి కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా కొట్టుకుంటోంది

స్మార్ట్ వాచీ చూసి భయపడి వచ్చే యువకుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మణికట్టు మీద వేళ్లు పెట్టి ఐదు సెకన్లు ఊపిరి పీల్చి, ఐదు సెకన్లు వదిలి చూడండి. పీల్చేటప్పుడు దెబ్బలు దగ్గరగా, వదిలేటప్పుడు ఎడంగా తగులుతాయి. 1847లోనే కార్ల్ లుడ్విగ్ కుక్కల మీద ప్రయోగాల్లో దీన్ని నమోదు చేశాడు.

కారణం వేగస్ నాడి. గుండె దెబ్బలను పుట్టించే సైనస్ నోడ్ మీద అది ఎప్పుడూ కాస్త నొక్కి ఉంచిన బ్రేకు. ఊపిరి పీల్చేటప్పుడు మెదడు కాండంలోని శ్వాస కేంద్రం, సాగిన ఊపిరితిత్తుల నుంచి వచ్చే సంకేతాలు కలిసి ఆ బ్రేకును వదులు చేస్తాయి. వదిలేటప్పుడు అది మళ్లీ బిగుస్తుంది. పిల్లల్లో, క్రీడాకారుల్లో ఈ ఊగిసలాట బాగా ఎక్కువ. వయసుతో పాటు తగ్గుతుంది.

కాగితం మీద గుర్తుపట్టడం తేలిక. ప్రతి క్యూఆర్ఎస్ (గుండె కింది గదుల విద్యుత్తును చూపే నిటారు తరంగం) ముందు పీ తరంగం (పై గదులది) ఉంటుంది, దాని ఆకారం మారదు, పీ నుంచి క్యూఆర్ఎస్‌కు దూరం కూడా మారదు. మారేది దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఒక్కటే. అతి పొడవైన ఎడానికీ అతి చిన్నదానికీ తేడా 0.12 సెకను దాటితే, అంటే కాగితం మీద మూడు చిన్న గడులు దాటితే, సైనస్ అరిథ్మియా అని రాస్తారు. ఆ పేరు చూసి కంగారుపడేవారే ఎక్కువ. కొద్దిసేపు గదిలో నడిపించి మళ్లీ తీయండి. వేగం పెరిగేకొద్దీ లయ సమంగా మారుతుంది. వైద్యం అక్కర్లేదు.

పీ తరంగాలే కనిపించకుండా, ఊపిరితో ఏ పొంతనా లేకుండా దెబ్బలు అడ్డదిడ్డంగా పడుతుంటే అది వేరే కథ. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు క్రమం తప్పి అదరడం) అయి ఉండవచ్చు, డాక్టరు చూసి తీరాలి.

దీనికి తలకిందులుగా ఉండే సమస్యను చాలామంది పట్టించుకోరు: ఊపిరితో నాడి ఏమాత్రం మారకపోవడం. నిమిషానికి ఆరు చొప్పున లోతైన శ్వాసలు తీయించి, పీల్చినప్పటి గరిష్ఠ వేగానికీ వదిలినప్పటి కనిష్ఠ వేగానికీ తేడా చూస్తారు. నిమిషానికి 15 దెబ్బలు లేదా అంతకంటే ఎక్కువ తేడా ఉంటే సరే. వృద్ధులు కానివారిలో అది 10కి తగ్గితే, ముఖ్యంగా మధుమేహం ఉంటే, నాడులు దెబ్బతింటున్నాయని అనుమానించాలి. లయ మరీ గడియారంలా ఉందని సంబరపడే ముందు ఈ పరీక్ష చేయించడం మంచిది.

సమస్య 2: గీత మొత్తం అలలా పైకీ కిందికీ తేలుతోంది

ఛాతీ కదిలినప్పుడల్లా ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య స్పర్శ మారుతుంది. గాలి నిండేకొద్దీ ఛాతీ విద్యుత్ నిరోధం పెరుగుతుంది కూడా. (మానిటర్లు శ్వాసలను లెక్కపెట్టేది ఈ నిరోధం ఆధారంగానే.) చర్మాన్ని తుడిచి ఆరబెట్టండి, వెంట్రుకలుంటే తీయండి, ఎండిపోయిన ఎలక్ట్రోడ్లు పారేయండి, పొట్ట మీదుగా వైర్లు లాగకండి. రోగిని మామూలుగా ఊపిరి తీసుకోమనండి. గట్టిగా పీల్చి బిగపట్టమంటే కండరాల వణుకు ఒకటి తోడవుతుంది, గుండె ఉన్న తీరు కూడా మారుతుంది.

చాలామంది ముందుగా నొక్కేది ఫిల్టరు బటన్. నా లెక్కలో దానిది చివరి స్థానం. 0.05 హెర్ట్జ్ వద్ద ఉండాల్సిన సాధారణ ఫిల్టరును 0.5కి పెంచితే గీత చక్కగా నిలుస్తుంది కానీ, క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే ఎస్‌టీ భాగం వంకర పోయి లేని గుండెపోటు ఉన్నట్టు కనిపించవచ్చు.

సమస్య 3: క్యూఆర్ఎస్ ఎత్తు మారుతోంది, లేదా మూడో లీడ్‌లో క్యూ కనిపిస్తోంది

ఊపిరి పీల్చినప్పుడు డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కిందికి దిగుతుంది, దానితో పాటు గుండె కాస్త నిటారుగా తిరుగుతుంది. విద్యుత్ అక్షం (గుండెలో విద్యుత్తు సాగే మొత్తం దిశ) కుడివైపు జరుగుతుంది. అందుకే ఎత్తులు నాలుగైదు దెబ్బల మేర మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతాయి. దెబ్బ విడిచి దెబ్బ ఎత్తు మారుతుంటే అది ఊపిరి పని కాకపోవచ్చు. గుండె చుట్టూ నీరు చేరితే అలా వస్తుంది. అదే రోజు ఎకో తీయించాలి.

మూడో లీడ్‌లో మాత్రమే ఉన్న క్యూ (క్యూఆర్ఎస్ మొదట్లో కిందికి దిగే గీత) పాత గుండెపోటు గుర్తు కాకుండా, తరచుగా గుండె పడుకున్న తీరు వల్ల వచ్చేదే. లోతుగా పీల్చినప్పుడు అది చిన్నదైపోతే ఆ అనుమానం బలపడుతుంది, అంతే. దాన్నే తుది తీర్పుగా తీసుకోకూడదు. రెండో లీడ్‌లో, ఏవీఎఫ్ అనే లీడ్‌లో కూడా క్యూ ఉందేమో చూడాలి, పాత ఈసీజీ ఉంటే పక్కన పెట్టి పోల్చాలి.

సమస్య 4: టీ తరంగాలు తలకిందులయ్యాయి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

ఆందోళనతో గబగబా ఊపిరి తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి క్షారత పెరుగుతుంది. తిమ్మిరి అందువల్లే. క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే టీ తరంగాలు కూడా చదునుగా మారడమో తిరగబడడమో జరగవచ్చు. పక్కన కూర్చుని శ్వాసను నెమ్మదింపజేసి, కుదుటపడ్డాక మళ్లీ ఈసీజీ తీయాలి. అయితే గుండెపోటు, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ లేవని తేలే దాకా దీన్ని ఆందోళన ఖాతాలో వేయవద్దు. కాగితపు సంచిలోకి ఊపిరి వదిలించే పాత చిట్కా మానేయండి. అసలు జబ్బు గుండెదో ఊపిరితిత్తులదో అయితే, ఉన్న ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది.

సమస్య 5: రాత్రి నిద్రలో వేగం రంపపు పళ్లలా పడి లేస్తోంది

గురక, పగటి నిద్రమత్తు కూడా ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు) కావచ్చు. ఊపిరి ఆగినప్పుడు గుండె నెమ్మదిస్తుంది, ఉలిక్కిపడి శ్వాస మొదలవగానే ఒక్కసారిగా పరుగెడుతుంది. నిద్ర పరీక్ష చేయించాలి. జబ్బు ఖాయమైతే సీప్యాప్ (మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే యంత్రం) వాడతారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు చికిత్స చేసినా తిరగబెడుతున్నవారిలో దీన్ని వెతకడం తప్పనిసరి.

సమస్య 6: దీర్ఘకాలిక ఊపిరితిత్తుల రోగిలో తరంగాలు చిన్నగా ఉన్నాయి

ఉబ్బిన ఊపిరితిత్తుల్లోని గాలి విద్యుత్తును అడ్డుకుంటుంది. రెండో లీడ్‌లో పీ ఎత్తు 2.5 మిల్లీమీటర్లు దాటడం, అక్షం కుడికి జరగడం తోడుగా కనిపిస్తాయి. వేగం 100 దాటి, పీ తరంగాలు మూడు రకాల ఆకారాల్లో వస్తుంటే షాకు ఇచ్చి లాభం లేదు. ఊపిరితిత్తులకు వైద్యం చేయాలి, ఆక్సిజన్, పొటాషియం, మెగ్నీషియం సరిచూడాలి.

సమస్య 7: ఉన్నట్టుండి నాడి 180 దాకా ఎగబాకి, సమంగా పరుగెడుతోంది

ఎస్‌వీటీ (గుండె పై భాగంలో పుట్టే అతివేగ లయ) అని తేలి, రక్తపోటు నిలకడగా ఉంటే ఇక్కడ ఊపిరే మందు. సగం కూర్చోబెట్టి, 10 మిల్లీలీటర్ల సిరంజి పిస్టన్ కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదించి, వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు 45 డిగ్రీలు ఎత్తి 15 సెకన్లు పట్టుకుంటారు. రక్తం ఒక్కసారిగా గుండెకు చేరి వేగస్ నాడి బిగుస్తుంది. 2015లో వెలువడిన పరీక్షలో ఈ పద్ధతితో 43 శాతం మందికి మామూలు లయ తిరిగి వచ్చింది. కాళ్లు ఎత్తని పాత పద్ధతితో 17 శాతానికే. మొదటిసారి మాత్రం మానిటర్ పెట్టి డాక్టరు సమక్షంలోనే చేయాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను ఇది ఆపదు.