నార్మలైజేషన్ బట్టీ పట్టకండి, ఒక యార్డు చీటీ తీసుకుని కూర్చోండి

నార్మలైజేషన్ అంటే ఒకే సమాచారం పదేపదే రాయకుండా టేబుల్‌ను విడగొట్టడం. డీబీఎంఎస్ (డేటాబేస్) పరీక్ష దగ్గరకొచ్చేసరికి అందరం దాంట్లోని ఫస్ట్, సెకండ్, థర్డ్ నార్మల్ ఫామ్‌లు అని డెఫినిషన్లు బట్టీ పడతాం, నేనూ అట్లే పట్టినా, తీరా ఒక టేబుల్ ఇచ్చి విడగొట్టమంటే చెయ్యి ఆడలేదు. ముందు పట్టుకోవాల్సింది ఫంక్షనల్ డిపెండెన్సీ. అంటే ఇది తెలిస్తే అది ఒక్కటే తేలుతుందా అని అడగడం, అంతే.

కర్నూలు మార్కెట్ యార్డుకు సరుకు తెచ్చిన రైతు చీటీ అనుకోండి. కాలమ్‌లు: చీటీ నంబరు, రైతు ఐడీ, రైతు పేరు, మండలం, జిల్లా, సరుకు, బస్తాలు.

ఒకే చీటీ మీద ఉల్లిగడ్డ 40 బస్తాలు, శనక్కాయ 12 బస్తాలు వచ్చినాయి. రెండూ ఒకే గడిలో కామా పెట్టి రాస్తే ఈరోజు ఉల్లిగడ్డ మొత్తం ఎంతొచ్చిందో లెక్క తీయడం నరకం. గడికి ఒక్క విలువే, కాబట్టి రెండు వరసలు రాస్తాం, అది ఫస్ట్ నార్మల్ ఫామ్. ఇప్పుడు చీటీ నంబరొక్కటే చెప్తే ఏ వరసో తెలీదు కదా, అందుకని కీ, అంటే వరసను గుర్తుపట్టించేది, చీటీ నంబరు, సరుకు రెండూ కలిపి.

బస్తాలు ఎన్నో తెలియాలంటే ఆ రెండూ కావాలి. రైతు ఎవరో తెలియడానికి మాత్రం చీటీ నంబరు చాలు, సరుకుతో పనేముంది? కీలో సగం మీదే ఆధారపడిన ఇట్లాంటి కాలమ్‌లను వేరే టేబుల్లోకి తీసేస్తే సెకండ్. క్యాండిడేట్ కీలు, అంటే కీగా పనికొచ్చేవన్నీ, ఒక్కో కాలమే అయితే ఈ తలనొప్పే రాదు, పరీక్షలో అది చూసుకోండి, టైమ్ మిగుల్తుంది.

థర్డ్ దగ్గర కాస్త ఆగండి. చీటీని బట్టి రైతు, రైతును బట్టి మండలం, మండలాన్ని బట్టి జిల్లా. అంటే జిల్లా నేరుగా కీ మీద కాదు, మధ్యలో వేరేవాళ్లను పట్టుకుని వేలాడుతోంది, ఇదే ట్రాన్సిటివ్ డిపెండెన్సీ. దీంతో ఏమవుతుందో నా ప్రాజెక్టులోనే చూసినా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి డోన్, బనగానపల్లె, ఆళ్లగడ్డ నంద్యాల జిల్లాలోకి పోయినాయి, నా టేబుల్లో ప్రతి వరసలోనూ కర్నూలు అని ఉండె, కొన్ని మార్చి కొన్ని వదిలేసినా, రిపోర్టు తీస్తే డోన్ రెండు జిల్లాల్లోనూ కనిపించింది. అప్‌డేట్ అనామలీ అంటే ఏందో ఆ రోజు అర్థమయింది. మండలం, జిల్లా ఒక టేబుల్. రైతు, పేరు, మండలం ఇంకో టేబుల్. చీటీ, రైతు ఐడీ మరొకటి అని పెట్టుకుంటే డోన్ కోసం మార్చాల్సింది ఒకే ఒక్క వరస. రైతులెవరూ రాని మండలాన్ని కూడా రాసిపెట్టుకోవచ్చు, పాత చీటీలు తీసేసినా ఆ మండలం ఏ జిల్లాదో పోదు.

ఒక జాగ్రత్త. ఆత్మకూరు నంద్యాల జిల్లాలో ఉంది, అనంతపురం జిల్లాలో ఉంది, నెల్లూరులోనూ ఉంది. కాబట్టి పేరును బట్టి జిల్లా తేలదు, మండలం కోడ్ పెట్టాలి. టేబుల్లో ఉన్న పది వరసలు చూసి డిపెండెన్సీ తేల్చేయొద్దు, బయట నిజంగా ఎట్లుందో అడగాలి.

డేటాను ఇట్లా టేబుళ్లుగా పెట్టే రిలేషనల్ మోడల్ 1970లో ఐబీఎంలో పనిచేసే కాడ్ రాసిన పేపర్‌తో మొదలయింది, 1974లో బాయిస్‌తో కలిసి థర్డ్‌కు ఇంకాస్త గట్టి రూపం ఇచ్చినాడు, అదే బీసీఎన్ఎఫ్ (బాయిస్-కాడ్ నార్మల్ ఫామ్). ఒక్కో కమీషన్ ఏజెంటు ఒకే సరుకు చూస్తాడు, రైతు ఒక సరుకుకు ఒకే ఏజెంటు దగ్గరికి పోతాడు అనుకోండి. రైతు, సరుకు, ఏజెంటు టేబుల్ థర్డ్‌లో ఉన్నట్టే, కానీ ఏజెంటును బట్టి సరుకు తేలుతోంది, ఏజెంటేమో కీ కాదు. ఏజెంటు-సరుకు, రైతు-ఏజెంటు అని విడగొడితే బీసీఎన్ఎఫ్ వస్తుంది, రెండిట్లో ఉన్న ఏజెంటు మొదటిదాంట్లో కీ కాబట్టి మళ్లీ కలిపితే డేటా చెడదు. కాకపోతే రైతు ఒక సరుకుకు ఒకే ఏజెంటు దగ్గరికి పోవాలన్న రూల్ ఇప్పుడు ఏ ఒక్క టేబుల్లోనూ చెక్ చేయలేం, అందుకే చాలాచోట్ల థర్డ్ దగ్గరే ఆపేస్తారు.