ఏల్‌కు తోడు – నాలుగవ పాఠం: ఎర్రగా వేగిన రుచులు

గడచిన మూడు పాఠాలలో ఏల్ అనే రకం బీరులో మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) తీపిని, హాప్స్ అనే పువ్వుల చేదును, పులియబెట్టే ఈస్ట్ నుండి వచ్చే పండ్ల వాసనను విడివిడిగా గుర్తుపట్టడం సాధన చేశాము. ఈ పాఠంలో మొదటిసారిగా గ్లాసు పక్కన పళ్లెం పెట్టుకుంటాము. ఇందుకు నేను ఎంచుకున్నది స్కాట్లండ్ వాళ్లు ‘వీ హెవీ’ అని పిలిచే గట్టి ఏల్, అంటే ఆల్కహాల్ ఎక్కువ ఉన్న ఏల్. ‘వీ’ అంటే వాళ్ల మాటలో చిన్నది అని అర్థం. మామూలు ఏల్ కంటే బాగా గట్టిది కనుక దీనిని చిన్న సీసాలలో అమ్మేవారు, పేరు అలా నిలిచింది. ఇందులో హాప్స్ చేదు తక్కువ, మాల్ట్ రుచి ఎక్కువ. ఆల్కహాల్ సాధారణంగా 6.5 నుండి 10 శాతం వరకు ఉంటుంది. చేదు అడ్డు రాదు కనుక తిండికీ ఏల్‌కూ మధ్య జరుగుతున్నదేమిటో కొత్తవారికి కూడా స్పష్టంగా తెలుస్తుంది. హాప్స్ ఎక్కువ వేసే ఇండియా పేల్ ఏల్‌తో మొదలుపెట్టి ఉంటే మన శ్రద్ధ సగం దాని చేదును తట్టుకోవడానికే పోయేది.

నమూనాగా ట్రాక్వేర్ హౌస్ ఏల్‌ను మనసులో ఉంచుకోండి. స్కాట్లండ్ దక్షిణ సరిహద్దు ప్రాంతంలో, ఇన్నర్లీథెన్ ఊరి దగ్గర, ట్రాక్వేర్ అనే చాలా పాత భవనం ఉంది. 18వ శతాబ్దంలో ఆ ఇంటివారి కోసం ఏల్ కాచిన గది తరువాతి కాలంలో మూతపడగా, ఆ ఎస్టేటుకు 20వ యజమాని అయిన పీటర్ మాక్స్‌వెల్ స్టూవర్ట్ 1965లో దానిని తిరిగి నడపడం ప్రారంభించారు. నేటికీ అక్కడి ఏల్ ఓక్ చెక్క తొట్లలోనే పులుస్తుంది. హౌస్ ఏల్‌లో ఆల్కహాల్ 7.2 శాతం. అక్కడే తయారయ్యే జాకోబైట్ ఏల్‌లో 8 శాతం ఉంటుంది. పదవి పోయిన స్టూవర్ట్ రాజవంశాన్ని తిరిగి గద్దె ఎక్కించడానికి 1745లో జరిగిన జాకోబైట్ తిరుగుబాటుకు 250 ఏళ్లు నిండిన సందర్భంగా 1995లో తెచ్చిన ఆ ఏల్‌లో ధనియాలు వేస్తారు. ఈ ధనియాల సంగతికి పాఠం చివర మళ్లీ వస్తాను. ఈ రెండూ దొరకనివారు వెస్ట్‌మాల్ వంటి బెల్జియం డుబెల్ (ముదురు రంగు గట్టి ఏల్)తో సాధన చేయవచ్చు, అయితే అందులో పండ్ల వాసనా గ్యాసూ ఎక్కువగా ఉంటాయని గుర్తుంచుకోవాలి.

మాల్ట్ అనేది మనకు కొత్త వస్తువు కాదు. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించి చేసే రాగి మాల్టు తాగి పెరిగినవారు మనలో ఎందరో ఉన్నారు. బార్లీతో చేసేదీ అదే పని. మొలకెత్తే గింజలో పుట్టే ఎంజైములు పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చగలవు; ఆ చక్కెరలకూ గింజలోని అమైనో ఆమ్లాలకూ తగినంత వేడి తగిలితే ఎర్రటి రంగు, వేపుడు వాసన పుడతాయి. ఈ మార్పును 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు మీద దీనిని మయ్యార్ చర్య అంటారు. రొట్టె పైపొర, దోసె అంచు, బిర్యానీ కోసం వేయించిన ఉల్లిపాయ, నిప్పుల మీద కాలిన మాంసం పైన కట్టే పొర, ఇవన్నీ ప్రధానంగా ఆ చర్య ఫలితాలే. పైగా వీ హెవీ కోసం మాల్ట్ రసాన్ని ఎక్కువసేపు మరిగించే అలవాటు ఉంది కనుక, బెల్లం వండేటప్పుడు చెరకు రసం చిక్కబడి రంగు తిరిగినట్టే ఇదీ తిరుగుతుంది. అందువల్ల ఈ ఏల్‌కు తోడు వెతకేటప్పుడు, వంటకం పేరు ఏదైనా, నిప్పు దాని మీద ఎంత మేరకు పనిచేసిందో ముందు చూడాలి. దోరగా వేగిందా, ఎర్రగా వేగిందా, అంచులు మాడాయా అనే మన వంటింటి కొలత ఇక్కడ నాకు తెలిసిన ఏ పట్టిక కంటే బాగా పనికివస్తుంది.

సాధనకు ముందు సీసాను ఫ్రిజ్ నుండి తీసి బయట ఉంచండి. ఏల్ 10 నుండి 13 డిగ్రీల మధ్యకు రావాలి. బ్రిటన్ చలికాలంలో అందుకు ముప్పావు గంట పడితే, హైదరాబాదు వేసవిలో పావుగంట చాలు. మరీ చల్లగా ఉంటే మాల్ట్ వాసన లేవదు, నాలుకకు తీపి అందదు. మూతి కొంచెం ముడుచుకున్న చిన్న గ్లాసులో మూడో వంతు మాత్రమే పోయండి. 330 మిల్లీలీటర్ల హౌస్ ఏల్ సీసాలో దాదాపు 24 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది కనుక ఒక్క సీసాను ఇద్దరు పంచుకొని పాఠం మొత్తం పూర్తి చేయడం మంచిది. రుచి చూసే క్రమం ఎప్పుడూ ఒకటే: ఒక గుక్క, ఒక ముద్ద, ముద్ద మింగగానే మళ్లీ ఒక గుక్క. రెండవ గుక్క మొదటి గుక్క కంటే ఎలా మారిందన్నదే మీరు పుస్తకంలో రాసుకోవలసిన విషయం.

మొదటి సాధన ఉల్లిపాయతో చేయండి. ఒక పెద్ద ఉల్లిపాయను సన్నగా తరిగి నాలుగు వాటాలు చేసి, ఒకటి పచ్చిగా ఉంచండి, ఒకటి మెత్తబడేవరకు మాత్రమే మగ్గించండి, ఒకటి ఓపికగా ఎర్రగా వేయించండి, చివరిదాన్ని అంచులు నల్లబడేవరకు ఉంచండి. పచ్చి ఉల్లి ఘాటు ఆల్కహాల్ ఘాటుతో కలిసి గొంతులో మంటగా మారుతుంది. మగ్గిన ఉల్లి సున్నితమైన తీపి మాల్ట్ కింద అణగిపోయి, తిన్నట్టే ఉండదు. ఎర్రగా వేగిన ఉల్లి తరువాత తాగిన గుక్కలో మాత్రం ఉల్లి ఎక్కడ ముగిసిందో ఏల్ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టమవుతుంది. మాడిన ఉల్లి ఏల్‌లో అప్పటివరకు కనబడని చేదును పైకి లాగుతుంది. ఈ ఒక్క సాధనను శ్రద్ధగా చేసినవారికి మిగిలిన పాఠంలో సగం వచ్చినట్టే. దయచేసి దీనిని దాటవేయకండి.

మాంసం విషయంలోనూ ఇదే కొలత వర్తిస్తుంది. పైన గట్టిగా ఎర్రబడి లోపల రసం నిలిచిన జింక మాంసపు రోస్టు స్కాట్లండ్‌లో ఈ ఏల్‌కు సహజమైన జోడి. అదే మాంసాన్ని నీళ్లలో ఉడికించి పెడితే ఏల్ దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను తరిగి ఓట్లు, కొవ్వు, ఉల్లి, మిరియాలతో కలిపి వండే హాగిస్ రంగులో అంత ఎర్రగా ఉండదు, అయినా బాగా కుదురుతుంది, ఎందుకంటే అక్కడ ఓట్ల ధాన్యపు రుచి మాల్ట్‌ను పలకరిస్తుంది, మిరియాల కారం తీపికి హద్దు పెడుతుంది. అయితే వీ హెవీలో గ్యాసు తక్కువ కనుక, నురుగు పొంగే బెల్జియం ఏల్‌లా ఇది నాలుక మీది జిడ్డును కడిగివేయదు. నూనెలో ముంచి తీసిన తిండి దీని పక్కన రెండు ముద్దలకే వెగటు పుట్టిస్తుంది.

ఉప్పు సంగతికి వద్దాము. బొబ్బట్ల పూర్ణంలో చిటికెడు ఉప్పు వేస్తే తీపి నిండుగా తెలుస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఉప్పు చేదును అణచి తీపికి దారి ఇస్తుంది. గట్టి ఏల్ పక్కన చీజ్ చేసే పని ఇదే. ఇంగ్లండులో బార్లీ వైన్ అనే ఇంకా గట్టి ఏల్‌తో నీలి చారల స్టిల్టన్ చీజ్ తినడం ప్రసిద్ధం. డెర్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగమ్‌షైర్ అనే మూడు జిల్లాలలో చేసినదానికి మాత్రమే చట్టప్రకారం ఆ పేరు చెల్లుతుంది. వీ హెవీకి స్టిల్టన్ కొంచెం బరువు ఎక్కువని నా అభిప్రాయం. ఏడాదికి పైగా మాగిన గట్టి చెడ్డార్ చీజ్‌లో ఉప్పుతో పాటు గింజల రుచి కూడా ఉంటుంది కనుక నేను దానికే ఓటు వేస్తాను. తెలంగాణ ఇళ్లలో సంక్రాంతికి చేసే సకినాలు ఉంటే వాటితోనూ ప్రయత్నించండి. అవి నూనెలో వేగినవే అయినా పొడిగా, కరకరలాడుతూ ఉంటాయి, వాటిలోని వేగిన నువ్వులు మాల్ట్‌కు దగ్గర చుట్టాలు.

తీపి వంటకాలలో గుర్తుంచుకోవలసినది ఒకటే: తినేది ఏల్ కంటే ఎక్కువ తియ్యగా ఉండకూడదు. నువ్వుల బెల్లం ఉండ తిని ఏల్ తాగితే, వాసనలు కలిసినా, ఏల్ పలచగా, కొంచెం పుల్లగా తోస్తుంది. ఎండు పండ్లు, బాదం వేసి చేసే స్కాట్లండ్ డండీ కేకు తగిన హద్దులో ఉంటుంది.

మిరపకారం దగ్గర నేను స్వయంగా పొరపాటు చేశాను. ఎడిన్‌బరోలో మా ఇంటికి వచ్చిన మిత్రులకు, తీపి కారాన్ని చల్లారుస్తుందన్న ధీమాతో, గుంటూరు మిరపతో ఘాటుగా వండిన మటన్ కూర పక్కన ఈ ఏల్ పెట్టాను. మొదటి క్షణం హాయిగానే అనిపించింది. తరువాత మంట రెట్టింపై, అందరూ పెరుగు కోసం చూశారు. మిరప మంటను గుర్తించే నాడీ గ్రాహకాలనే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది కనుక, ఏల్ ఎంత గట్టిదైతే మంట అంత ఎక్కువ. ఆ తరువాత మిరప మానేసి, మిరియాలు, అప్పుడే వేయించి దంచిన ధనియాలు వేసి, ముక్క ఎర్రబడేవరకు వేపిన మటన్‌ను జాకోబైట్ ఏల్‌తో పెట్టాను. ఏల్‌లోని ధనియాల వాసన మొదటి గుక్కలో నాకు సరిగా అందలేదు. మటన్ ముద్ద తరువాతి గుక్కలో అది స్పష్టంగా వినిపించింది.

వచ్చే పాఠం వరకు మీ సాధన ఇది. ధనియాలను మూడు వాటాలుగా చేసి, ఒకటి పచ్చిగా, ఒకటి దోరగా, ఒకటి ఎర్రగా వేయించి విడివిడిగా దంచండి. ఉప్పు వేసి ఉడికించిన బంగాళాదుంప ముక్కలను నెయ్యిలో ఎర్రగా కాల్చి, ఒక్కొక్క పొడిలో దొర్లించి, గుక్క, ముద్ద, గుక్క క్రమంలో రుచి చూసి, ఏ పొడి తరువాత ఏల్ ఎక్కువ తియ్యగా అనిపించిందో రాసిపెట్టుకోండి. అయిదవ పాఠం ఆ రాతలతోనే మొదలవుతుంది.