ఆర్‌వీ మురుగు ట్యాంకులు ఎక్కడ, ఎలా ఖాళీ చేయాలి?

అమెరికాలో ఆర్‌వీ (వంటగది, టాయిలెట్ ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని నేషనల్ పార్కులకు బయల్దేరేవాళ్లు గ్యాస్ (పెట్రోల్), క్యాంప్‌గ్రౌండ్ బుకింగ్ అన్నీ ముందే చూసుకుంటారు. మురుగు ట్యాంకులు మాత్రం వాసన మొదలయ్యాకే గుర్తొస్తాయి. ఆ మురుగు వదిలే చోట్లను, అంటే డంప్ స్టేషన్లను కూడా బయల్దేరకముందే మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి.

1. ఎన్ని రోజులకు నిండుతుందో లెక్కేయండి. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంక్. సింకు, స్నానం నీళ్లది గ్రే ట్యాంక్. అద్దె బళ్లలో ఒక్కోటి సుమారు 30-40 గ్యాలన్లు. నలుగురూ లోపలే స్నానం చేస్తే ముందు నిండేది గ్రేనే. బ్లాక్ మీటరును పూర్తిగా నమ్మొద్దు. సెన్సారుకు కాగితం అతుక్కుంటే ఖాళీ చేశాక కూడా నిండుగానే చూపిస్తుంది.

2. చోటు వెతకండి. రాత్రి దిగే క్యాంప్‌గ్రౌండ్‌లో డంప్ ఉందా అన్నది మొదటి ప్రశ్న. తర్వాత స్టేట్ పార్కులు, కొన్ని ఫ్లయింగ్ జే, లవ్స్ ట్రక్ స్టాపులు, కొన్ని రాష్ట్రాల హైవే రెస్ట్ ఏరియాలు. యోసెమిటీ లోయలో అప్పర్ పైన్స్ దగ్గర, గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్‌లో మాథర్ క్యాంప్‌గ్రౌండ్ దగ్గర ఉన్నాయి. డంప్ స్టేషన్ల జాబితా ఇచ్చే శానీడంప్స్ లాంటి వెబ్‌సైట్లలో వెతికేటప్పుడు చివరి కామెంటు తేదీ చూడండి, వీలైతే ఫోన్ చేయండి. చలికాలంలో నీళ్లు గడ్డకడతాయని చాలా చోట్ల మూసేస్తారు. ఆదివారం అందరూ క్యాంప్‌గ్రౌండ్ ఖాళీ చేసి వెళ్లే వేళకు క్యూ బారెడు ఉంటుంది, శనివారం సాయంత్రమే పని ముగించుకోండి.

3. ఖాళీ చేయండి. డిస్పోజబుల్ గ్లోవ్స్ వేసుకోండి. రెండు వాల్వులూ మూసి ఉన్నాయని చూశాకే బండి మురుగు పైపు మూత తీయాలి. హోసు ఒక కొనను బండికి తిప్పి బిగించి, రెండో కొనను నేలలోని రంధ్రంలోకి దించి పైన రాయి పెట్టండి. లేదంటే మురుగు ఉరవడికి అది ఎగిరి బయటపడుతుంది. ముందు బ్లాక్ వాల్వు లాగండి. ధార సన్నబడి ఆగాక మూసి, అప్పుడు గ్రే. సబ్బునీళ్లు హోసును కడిగేస్తాయి కాబట్టే ఈ వరస. చివర హోసును బండి వైపు నుంచి ఎత్తుకుంటూ వస్తే లోపల చుక్క మిగలదు. అక్కడి కుళాయి కడగడానికే. తాగే నీళ్ల కుళాయి వేరే ఉంటుంది, మురుగు హోసును దాని దగ్గరికి పోనివ్వకండి.

4. మళ్లీ సిద్ధం చేయండి. బ్లాక్ ట్యాంకులో రెండు మూడు గ్యాలన్ల నీళ్లు, వాసన తగ్గించే ట్యాంక్ మందు వేయండి. ఫుల్ హుకప్ (కరెంటు, నీళ్లు, మురుగు పైపు మూడూ బండికి తగిలించుకునే వీలు) ఉన్న చోట బ్లాక్ వాల్వు తెరిచి ఉంచడం పెద్ద పొరపాటు. నీళ్లు జారిపోయి, మలం ట్యాంకులో టాయిలెట్ కింద గుట్టకట్టి ఎండిపోతుంది. మూసి ఉంచి, మూడింట రెండొంతులు నిండాకే వదలాలి.

మన వంటకు ఒక జాగ్రత్త: తాలింపు నూనె, కరివేపాకు, గంజి సింకులో పోస్తే గ్రే ట్యాంకు బ్లాక్ కంటే ఘోరంగా కంపు కొడుతుంది. గిన్నెలను ముందు పేపర్ టవల్‌తో తుడిచి, ఆ తర్వాతే కడగండి.