ద్రావణం అదే, కడ్డీలు మార్చి చూడండి

విద్యుద్విశ్లేషణలో, అంటే ద్రవంలోకి కరెంటు పంపి పదార్థాలను విడగొట్టడంలో, ఏమేం వస్తాయో రాయమనగానే చాలామంది ద్రావణంలో ఏ అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) ఉన్నాయో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. దానికంటే ముందు ఆనోడ్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు కలిపిన కడ్డీ, దేనితో చేశారో చూడాలి. ఇది చదివితే సగమే బుర్రకెక్కుతుంది, ఒక్కసారి చేసి చూస్తే ఇక మర్చిపోరు.

గాజు గ్లాసులో నీళ్లు పోసి చెంచాడు కాపర్ సల్ఫేట్, అదే మైలుతుత్తం, కరిగించండి. అది విషం, గ్లౌజులు వేసుకోండి, ఆ గ్లాసూ చెంచా మళ్లీ వంటింట్లోకి రాకూడదు. రెండు పెన్సిళ్లను రెండు చివర్లా చెక్కి, కింది మొనలు ఒకదానికొకటి తగలకుండా ద్రావణంలో ముంచి, పై మొనలను 9 వోల్టుల బ్యాటరీకి కలపండి. కాసేపటికి మైనస్ వైపు నల్లటి మొన మీద ఎర్రటి పొర కడుతుంది, అది రాగి. ప్లస్ వైపు సన్నటి బుడగలు లేస్తాయి, అది ఆక్సిజన్. పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ (ఒక రకం కార్బన్) తను కరిగి ఎలక్ట్రాన్లు ఇచ్చే రకం కాదు కాబట్టి ఆ పని నీటి మీద పడింది. చాలాసేపు నడిపితే నీలం రంగు పలచబడుతుంది, రాగి పోయినంత మేర ద్రావణంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారవుతుంది.

ఇప్పుడు పెన్సిళ్లు తీసేసి రెండు రాగి తీగలు పెట్టండి. తీగల మీద పూత ఉంటే గీకేయాలి. ఈసారి 1.5 వోల్టుల సెల్ చాలు. ప్లస్ వైపు బుడగలు రావు! నీటికంటే రాగికే ఎలక్ట్రాన్లు వదలడం తేలిక, అందుకే ఆ తీగే కరిగి సన్నబడుతుంది, అంతే రాగి అవతలి తీగ మీద చేరుతుంది, నీలం రంగు తగ్గదు. 1 ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే సుమారు 1.19 గ్రాముల రాగి ఇటునుంచి అటు వెళ్తుంది. రాగిని 99.99 శాతం దాకా శుద్ధి చేసేదీ ఇలాగే, మలినాలున్న రాగి పలకను ఆనోడ్‌గా పెడతారు, అందులోని వెండి, బంగారం కరగకుండా అడుగున బురదలా చేరతాయి.

కాథోడ్, అంటే మైనస్ వైపు కడ్డీ, సంగతీ అంతే. ఉప్పునీటిలో ఇనుప కాథోడ్ పెడితే హైడ్రోజన్ వస్తుంది, పాదరసం పెడితే సోడియం అందులో కలిసిపోతుంది, ఎందుకంటే పాదరసం మీద హైడ్రోజన్ విడుదల కావాలంటే చాలా ఎక్కువ వోల్టేజి కావాలి.

గ్రాఫైట్‌ను కూడా మరీ నమ్మేయకండి. అల్యూమినియాన్ని విద్యుద్విశ్లేషణతో తీసేటప్పుడు దాదాపు 960 డిగ్రీల సెల్సియస్ వేడిలో కార్బన్ ఆనోడ్ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంటుంది, అరిగినకొద్దీ మార్చాల్సిందే.

స్టీలు చెంచాను మాత్రం ఆనోడ్‌గా ఎప్పుడూ వాడొద్దు, అందులోని క్రోమియం కరిగి క్యాన్సర్ తెచ్చే రూపంలోకి మారొచ్చు.