రోమన్ నాణెం చదువుదాం – 3వ పాఠం: దేవుడు కొడుకా, తండ్రా?

పోయిన పాఠంలో అక్షరాలు విడదీయడం నేర్చుకున్నాం. మాటల మధ్య ఖాళీ ఉండకపోవచ్చని, ఉ-కారానికీ వ-కారానికీ ఒకటే గుర్తని, అంచు వెంబడి గడియారం ముల్లు తిరిగే దిక్కున చదవాలని చూశాం. ఇవి గుర్తుంటే ఈ పాఠానికి సరిపోతాయి.

ఈసారి ఒకే ఒక్క మాట: దివుస్. చనిపోయాక దేవతల్లో చేర్చిన మనిషికి రోమన్లు వాడిన మాట ఇది. మన 'దేవ' శబ్దానికి దూరపు చుట్టం. జూలియస్ సీజర్‌కు, అగస్టస్‌కు ఈ గౌరవం దక్కిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఊయల దాటని పసిపిల్లలకూ దక్కింది. అందుకే నాణెం మీద ఈ మాట కనిపించగానే, అది తండ్రిని చెబుతోందా బిడ్డను చెబుతోందా అన్నది తేల్చుకోవాలి.

క్రీ.శ. 82–83 ప్రాంతంలో డొమిటియన్ చక్రవర్తి కొట్టించిన నాణెం ఒకటి తీసుకుందాం. బొమ్మ వైపు అతని భార్య డొమిటియా. బొరుసు వైపు తిప్పితే గోళం మీద కూర్చున్న పసివాడు, చుట్టూ ఏడు నక్షత్రాలు. ఒంటి మీద బట్టల్లేవు, చేతులు రెండూ చాచి ఉన్నాయి. చుక్కలను అందుకుంటున్నాడని అనుకున్నా తప్పులేదు కానీ, నాకు మాత్రం ఎప్పుడు చూసినా ఎత్తుకోమంటున్నట్టే ఉంటుంది. అంచున ఇలా ఉంది:

దివుస్ – కైసర్ – ఇంప్ – డొమిటియాని – ఎఫ్

చివర ఉన్న 'ఎఫ్' అంటే ఫిలియుస్, కొడుకు. 'ఇంప్' చక్రవర్తి బిరుదుకు పొట్టి రూపం. 'డొమిటియాని' చివరి ఇ-కారం మన షష్ఠీ విభక్తి, అంటే 'యొక్క'. దివుస్‌లో 'ఉస్' ప్రథమా విభక్తి, మన 'డు' లాంటిది. కలిపి చదివితే: దేవుడైన కైసర్, చక్రవర్తి డొమిటియన్ కొడుకు. దేవుడు ఇక్కడ బిడ్డే. కైసర్ (మనం సీజర్ అనేదే) వంశనామం మాత్రమే. అంత గొప్ప నాణెం మీద పిల్లవాడి సొంత పేరు లేదు.

ఇప్పుడు అగస్టస్ తర్వాత చక్రవర్తి అయిన టైబీరియస్ వెండి నాణెం చూడండి. దక్షిణ భారతంలో విరివిగా దొరికిన రోమన్ నాణేల్లో ఇదొకటి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లి నిధిలోనూ టైబీరియస్ నాణేలున్నాయి. దాని మీద:

టి – కైసర్ – దివి – ఔగ్ – ఎఫ్ – ఔగుస్తుస్

'టి' టైబీరియస్ పేరు, 'ఔగ్' అగస్టస్ పేరు, చివరి 'ఔగుస్తుస్' టైబీరియస్ బిరుదు. ఇక్కడ దివుస్ కాదు, దివి. ఇ-కారం వచ్చింది కాబట్టి షష్ఠి: దేవుడైన అగస్టస్ యొక్క కొడుకు. దేవుడు తండ్రి (పెంచుకున్న తండ్రి). టైబీరియస్‌ను చనిపోయాక కూడా దేవతల్లో చేర్చలేదు. నేర్చుకునే కొత్తలో నేను ఈ 'దివి'ని దివుస్‌గానే చదివేసి, దొరికిన ప్రతి యువరాజునూ దేవుణ్ణి చేసేశాను. మాట మొదలు చూసి ఊహించకండి, తోక చూడండి.

ఆడపిల్లయితే తోక మారుతుంది. 63లో చక్రవర్తి నీరోకు, అతని భార్య పొప్పేయాకు ఇటలీలోని ఆంటియంలో కూతురు పుట్టింది. నాలుగు నెలలు నిండకుండానే పోయింది. ఆమెను దేవతను చేసి, గుడి, పూజారి ఉండాలని తీర్మానించారు. తర్వాత తల్లీ చనిపోయి దేవత అయింది. ఇద్దరినీ చెరోవైపు చూపిన రాగి నాణెం మీద పాప వైపు 'దివా – క్లౌద్ – నెర్ – ఎఫ్' అని ఉంటుంది. పేర్లు సగంలోనే ఆగిపోయాయి, వాటి తోకలు లేవు. 'ఎఫ్' కొడుక్కూ కూతురికీ ఒకటే. ఆడబిడ్డ అని చెబుతున్నది దివాలోని ఆ-కారం ఒక్కటే.

మూడో తోక ఓ-కారం. చతుర్థి, అంటే 'కొరకు'. 309లో కొడుకు రోములస్ చనిపోయాక మాక్సెంటియస్ కొట్టించిన నాణేల్లో ఒకదాని మీద:

ఇంప్ – మాక్సెంటియుస్ – దివో – రోములో – ఎన్ వీ – ఫిలియో

'ఎన్ వీ' బిరుదును వచ్చే పాఠానికి వదిలేద్దాం. మిగిలింది చూడండి: 'ఉస్' ఉన్నది తండ్రి పేరుకు, ఓ-కారాలన్నీ కొడుకువి. చక్రవర్తి మాక్సెంటియస్, దేవుడైన రోములస్‌కు, తన కొడుకుకు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే వరుసలో ఉన్నారు. బొరుసు వైపు గుమ్మటం ఉన్న గుడి, దాని మీద గద్ద.

అభ్యాసం. కింది మూడింటిలో దేవుడెవరో, ఏ తోక వల్ల తెలిసిందో కాగితం మీద రాయండి. ఒకదానిలో దేవుడే లేడు. ('పాతెర్ పాత్రియె' అంటే దేశపిత అనే బిరుదు; 'సి', 'ఎల్' ఇద్దరి పేర్లకు పొట్టి రూపాలు.)

1. దివో – నిగ్రినియానో
2. కైసర్ – ఔగుస్తుస్ – దివి – ఎఫ్ – పాతెర్ – పాత్రియె
3. సి – ఎల్ – కైసరెస్ – ఔగుస్తి – ఎఫ్