ఫైబర్ బోటు మరమ్మతు – 3వ పాఠం: పగులుకు పట్టీ వేయడం

మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు. బోటు మరమ్మతుకు ఇదే అదను. ఉప్పు కడగడం, ఇంజిన్ దించడం ముందు పాఠాల్లో అయిపోయాయి. ఇక అడుగు భాగం. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల బోటును ఇసుక మీదికే లాగుతాం కాబట్టి మొదటి దెబ్బ అడుక్కే తగులుతుంది. తెరచాప పడవైనా సరే, ఫైబర్‌దైతే పద్ధతి ఇదే.

బోటును పక్కకు వాల్చి, సుత్తి పిడితో జానెడు జానెడు తట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. పొరలు విడిపోయినచోట చప్పగా, బోలుగా మోగుతుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. పైకి వెంట్రుకంత పగులే కనబడినా, బోలు మోత అరచేయంత మేర వినిపిస్తే అంతా తీసేయాల్సిందే.

తర్వాత గ్రైండర్. ముక్కుకు మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. అంచును నిట్టనిలువుగా కోయకండి, పళ్లెం అంచులా వాలుగా అరగదీయండి. బోటు గోడ మందం 6 మి.మీ. అయితే చుట్టూ 7 సెం.మీ. దాకా వాలు రావాలి. కొత్త రెసిన్ (ఫైబర్‌ను పట్టి ఉంచే జిగురు) పాతదానిలో కలిసిపోదు, పైన అంటుకుంటుందంతే. అంటుకునే జాగా ఎంత ఉంటే పట్టు అంత.

ఇప్పుడు అందరూ తొందరపడే చోటికి వచ్చాం. తడి మీద వేసిన పట్టీ నిలవదు. మంచినీళ్లతో కడిగి కత్తెర ఎండలో బాగా ఆరనివ్వండి. ఆరిందనిపించాక సాయంత్రం ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి అతికించండి. మర్నాడు ఎండెక్కాక దాని లోపలివైపు చెమట పట్టి ఉంటే ఇంకా ఆరలేదన్నమాట. ఇంకో రెండు రోజులు పోయినా పర్లేదు, ఆగండి.

రెసిన్ కలిపేది తెల్లవారుజామున, మంచు తడి లేనప్పుడే. మధ్యాహ్నం కలిపితే డబ్బాలోనే గడ్డకడుతుంది. అర కిలో పాలిస్టర్ రెసిన్‌కు మన ఎండల్లో 5 మి.లీ. హార్డ్‌నర్ (రెసిన్‌ను గట్టిపరిచే మందు) చాలు. కోబాల్ట్ (గట్టిపడడాన్ని వేగం చేసే మందు) విడిగా కలపాల్సిన రెసిన్ అయితే ముందు కోబాల్ట్ వేసి బాగా కలిపి, ఆ తర్వాతే హార్డ్‌నర్ పోయండి. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి, పేలనూ వచ్చు. ఈ మాట పక్కన సాయం చేసే పిల్లలకు కూడా చెప్పండి. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపే పోవచ్చు. అద్దాలు పెట్టుకోండి. పడితే వెంటనే మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి, ఆస్పత్రికి పరుగెత్తండి.

అసిటోన్‌తో తుడిచి, రెసిన్ పూసి, మ్యాట్ (గాజు నార పరుపు) పరిచి, రోలర్‌తో గట్టిగా నొక్కండి. తెల్లటి మచ్చ కనబడితే అక్కడ గాలి ఉన్నట్టే. మ్యాట్ పూర్తిగా గాజులా మారేదాకా రోలర్ ఆపొద్దు. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ ఒక్కో పొర సుమారు 1 మి.మీ. మందం ఇస్తుంది. మూడు పొరలయ్యాక వేడి తగ్గనిచ్చి మిగతావి వేయండి. చివరి పొర మీద పాలిథిన్ కప్పితే గాలి తగలక జిగట లేకుండా ఆరుతుంది.

మర్నాడు మళ్లీ సుత్తి పిడితో తట్టండి. ఖంగుమంటే రంగు వేయొచ్చు. వచ్చే పాఠంలో చుక్కాని, దాని బోల్టులు.