థర్మో లెక్క మొదలుపెట్టే ముందు చుక్కల గీత గీయండి

బీటెక్‌లో థర్మోడైనమిక్స్ కొత్తగా మొదలైనవాళ్లకి ఒక చిట్కా. ప్రాబ్లమ్ చదవగానే ఫార్ములా కోసం వెతక్కండి, ముందు పెన్సిల్‌తో బొమ్మ గీసి సిస్టమ్ (అంటే మనం లెక్కలోకి తీసుకునే భాగం) చుట్టూ చుక్కల గీత పెట్టండి, ఆ గీత దాటి లోపలికి ఏం వస్తోంది బయటికి ఏం పోతోంది బాణాలు వేయండి, సగం లెక్క అక్కడే తేలిపోతుంది నిజంగా.

వైవాల్లో తెగ అడిగే ప్రశ్నే తీసుకోండి, తలుపులన్నీ మూసేసిన గదిలో ఫ్రిజ్ డోర్ తెరిచి పెడితే గది చల్లబడుతుందా? గీత ఫ్రిజ్ చుట్టూ కాదు, గది మొత్తం చుట్టూ గీయండి. గోడల్లోంచి వేడి పోదు అనుకుంటే ఇక గీత దాటేది కరెంటు ఒక్కటే, ఫ్రిజ్ 150 వాట్లు లాగుతుంటే సెకనుకి 150 జౌల్స్ లోపలికి వస్తున్నట్టు, బయటికి పోయేది సున్నా. గది వేడెక్కుతుంది, అంతే! వెనకాల కాయిల్ సంగతి ఆలోచించాల్సిన పనే లేదు.

ప్లస్ మైనస్ సైన్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ఇంటర్ కెమిస్ట్రీలో సిస్టమ్ మీద జరిగిన వర్క్ ప్లస్, మెకానికల్ పుస్తకాల్లో ఎక్కువగా సిస్టమ్ చేసిన వర్క్ ప్లస్, అందుకే సిస్టమ్ లోపలి ఎనర్జీ మార్పుకి ఒకచోట క్యూ (లోపలికొచ్చిన వేడి) ప్లస్ డబ్ల్యూ (వర్క్) ఇంకోచోట క్యూ మైనస్ డబ్ల్యూ కనిపిస్తుంది, రెండూ కరెక్టే కానీ కలిపేస్తే ఆన్సర్ పోయినట్టే. ఏది వాడుతున్నారో పైన ఒక లైన్ రాసేయండి.

గ్యాస్ లెక్కల్లో, కార్నో ఎఫిషియెన్సీలో (వేడితో నడిచే ఇంజిన్‌కి సాధ్యమయ్యే గరిష్ఠ ఎఫిషియెన్సీ) టెంపరేచర్ కెల్విన్‌లోనే వేయండి, 27 డిగ్రీలు 54 అయితే రెట్టింపు అయినట్టు కాదు, 300 నుంచి 327 కెల్విన్, పెరిగింది 9 శాతమే.